అరవై రెండు శాతం

కంట్రోల్ రూమ్ తెర మీద ట్యాంకు బొమ్మ పక్కన కదులుతూ కనిపించే అంకెను నేను. నాలాంటి అంకెను ట్యాగు అంటారు. నా పేరు ఎల్‌టీ 101. ట్యాంకు పైకప్పుకు బిగించిన అల్ట్రాసోనిక్ సెన్సర్ నీటి మట్టాన్ని కొలిచి 4 నుంచి 20 మిల్లీయాంపుల కరెంటుగా పంపుతుంది. దాన్ని పీఎల్‌సీ అనే నియంత్రణ కంప్యూటరు శాతంలోకి మార్చి నాలో నింపుతుంది. 4 వస్తే ట్యాంకు ఖాళీ, 20 వస్తే నిండు. నేను 30కి దిగితే స్క్రిప్టు పంపు వేస్తుంది, 90 దాటితే ఆపుతుంది.

మాది నల్గొండ జిల్లా. పుట్టంగండి దగ్గర సాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు అక్కంపల్లి రిజర్వాయరుకు చేరే ప్రాంతం. మర్రిగూడ, నాంపల్లి వైపు నేల కింది రాళ్లలోని ఫ్లోరైడ్ బోరునీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. అంతకు మించిన నీళ్లనే తరాల తరబడి తాగి పళ్లు గారపట్టి, కాళ్లు వంకరపోయి, నడుములు వంగిపోయిన ఊళ్లివి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. దాన్ని లోకమంతా ‘నల్గొండ పద్ధతి’ అనే పిలుస్తుంది. ఇక్కడ నల్లా ఆగితే జనం మళ్లీ బోరింగు కాడికే పోతారు. అందుకే నా అంకె మీద నాకంత పట్టింపు.

ఒక వానాకాలం రాత్రి జంక్షన్ బాక్సులోకి నీళ్లు దిగి సెన్సర్ వైరు తెగింది. కరెంటు సున్నా అయింది. లెక్క ప్రకారం అప్పుడు నేను మైనస్ 25 చూపాలి. కానీ తెర మీద మైనస్ అంకెలు బాగుండవని ఎవరో ఎప్పుడో స్క్రిప్టులో ఒక లైను రాసి పెట్టారు: విలువ సున్నా కంటే తగ్గితే పాతదే ఉంచు. దాంతో నేను 62 దగ్గర ఆగిపోయాను. 62 ఉంటే పంపు ఎందుకు వేస్తుంది? తెల్లారేసరికి ట్యాంకు ఎండింది.

“నల్లాలొస్తలేవు” అని ఊళ్ల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ముందు పంపును అనుమానించారు, ఆ తర్వాత స్టార్టర్ విప్పారు. ట్రెండ్ గ్రాఫ్ తెరిచింది మాత్రం కొత్తగా చేరిన పిల్లగాడు.

“అన్నా, రాత్రి నుంచి లెవెల్ గీత ఒక్కతీరుగ పోయింది. ఊళ్లకు నీళ్లు పోతుంటే గీత దిగకుంట ఎట్లుంటది?”

ఆ ప్రశ్న అడిగినవాడిని నేను మరిచిపోను. ప్యానెల్లో మల్టీమీటర్ పెడితే సున్నా వచ్చింది. వైరు కలిపారు. అక్కడితో వదిలేయకుండా స్క్రిప్టు కూడా తెరిచారు. ఇప్పుడు కరెంటు 3.6 కంటే తగ్గితే నా మీద ఎర్ర గీత పడుతుంది, అలారం మోగుతుంది, పంపు ఆపరేటర్ చేతికి వస్తుంది. తర్వాత క్యాలిబ్రేటర్‌తో 4, 8, 12, 16, 20 పంపి పరీక్షించారు. 12 పంపినప్పుడు నేను సరిగ్గా 50 చూపాను.

కానీ ఆ పాత లైను నా ఒక్కడి స్క్రిప్టులోనే లేదు. ఒక ట్యాగు కోసం రాసినది మిగతా వాటికీ కాపీ అయింది. ఒక్కో స్క్రిప్టూ తెరిచి తీసేస్తున్నారు. ట్యాంకుల వరస సగమైంది. క్లోరిన్ ట్యాగును ఇంకా ముట్టలేదు. చివరి నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. అది నిజంగా ఉందో, పాత అంకె నిలిచిపోయిందో తెర చూస్తే తెలియదు. నన్నడిగితే రేపు మొదట తెరవాల్సింది దాన్నే.