సగం ఇక్కడ, సగం అక్కడ

నేను బిల్లింగ్ డేటాబేస్ సర్వర్‌ని. హైదరాబాద్‌లో, గచ్చిబౌలి వైపు ఒక డేటా సెంటర్లో ఉంటాను. ఒక టెలికాం సంస్థ పోస్ట్‌పెయిడ్ ఖాతాలన్నీ నా దగ్గరే. ఎవరు ఎంతసేపు మాట్లాడారు, ఎంత డేటా వాడారు, ఎవరు బాకీ ఉన్నారు, నంబరు మార్చుకోకుండా వేరే కంపెనీ నుంచి ఎవరొచ్చారు, అన్నీ నా డిస్కుల్లో ఉంటాయి. టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. అందుకే ఇచ్ఛాపురంలో వాడిన డేటా, ఆదిలాబాద్‌లో మాట్లాడిన కాల్ నా దగ్గర పక్కపక్కనే చేరతాయి.

మా సంస్థ హైబ్రిడ్ క్లౌడ్‌కి మారుతోందన్న సంగతి, రాక్ వెనక కేబుళ్లకు లేబుళ్లు అంటించే కుర్రాళ్ల నోట మొదట విన్నాను. కస్టమర్ యాప్, వెబ్‌సైట్, బిల్లులు తయారుచేసే అప్లికేషన్ ముంబైలోని క్లౌడ్‌కి పోతాయి. ప్రీపెయిడ్ ఛార్జింగ్ మెషీన్లు, నేను ఇక్కడే ఉంటాం. కాల్ కలిసేలోపే బ్యాలెన్స్ ఉందో లేదో తేలాలి కాబట్టి ప్రీపెయిడ్ మెషీన్లు నెట్‌వర్క్‌కి దగ్గర్లో ఉండాల్సిందే. నా సంగతి వేరు. చందాదారుల లెక్కలు దేశం దాటకూడదని లైసెన్సులో ముందునుంచీ ఉంది. 2021 డిసెంబరులో టెలికాం శాఖ నిబంధన మార్చి, కాల్ రికార్డులు కనీసం 2 ఏళ్లు దాచమంది. ముంబై మన దేశంలోదే, చట్టపరంగా అడ్డేమీ లేదు. అయినా ఆడిట్ వాళ్లకు జవాబు చెప్పుకోవడం సులువని నన్ను కదపలేదు.

మార్పు తర్వాత వచ్చిన మొదటి బిల్ సైకిల్ నాకు బాగా గుర్తు. రాత్రి మొదలైన బిల్ రన్ తెల్లారేసరికి అయిపోవాలి. తెల్లారింది, పావు వంతు కూడా కాలేదు. అత్యవసరమని పీ-వన్ టికెట్ లేచింది, అందరినీ కలిపి బ్రిడ్జి కాల్ పెట్టారు. "మా వైపు అంతా గ్రీనే" అంది క్లౌడ్ టీమ్. "లైన్ డౌన్ లేదండీ, ప్యాకెట్ లాస్ సున్నా" అన్నాడు మాకూ ముంబైకీ మధ్య లైన్ ఇచ్చిన లింకు వెండర్. "డేటాబేస్ సీపీయూ 20 శాతం కూడా లేదు" అన్నాడు నన్ను చూసుకునే డీబీఏ. ముగ్గురు చెప్పిందీ నిజమే. నా ముందున్న దీపం కూడా పచ్చగానే వెలుగుతోంది. ఒక ప్రశ్నకు జవాబిచ్చి, తర్వాతి ప్రశ్న కోసం చూస్తూ ఆ రాత్రంతా దాదాపు ఖాళీగానే ఉన్నాను. బిల్లులు మాత్రం బయటికి రాలేదు.

సర్వీస్ డెలివరీ మేనేజర్ మేడమ్ అంతా విని, "ఎవరి డాష్‌బోర్డూ వద్దు. ఒక్క కస్టమర్ బిల్లు తీసుకోండి. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడ ఎంతసేపు ఆగిందో టైమ్ వేసి చూపించండి" అంది.

వేశారు. ఒక్క బిల్లు కోసం బిల్లులు తయారుచేసే అప్లికేషన్ నన్ను 200 ప్రశ్నలు అడుగుతోంది. ప్లాన్ ఏంటి, పాత బాకీ ఎంత, ఈ కాల్ రేటెంత... ఉప్పు తెచ్చి, మళ్లీ పోయి పప్పు తెచ్చి, మళ్లీ పోయి చింతపండు తెచ్చినట్టు. పక్క రాక్‌లో ఉన్నన్నాళ్లూ ఒక్కో ప్రశ్న రాకపోకలకు అర మిల్లీసెకను పట్టేది. 200 కలిపినా సెకనులో పదోవంతే, ఎవరూ పట్టించుకోలేదు. ముంబై నుంచి ఒక్కోదానికి 15 మిల్లీసెకన్లు, అంటే బిల్లుకు 3 సెకన్లు. 30 రెట్లు! ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఎన్ని కోట్లు పోసినా ఆ వేగం పెరగదు. ప్రశ్నల సంఖ్యే తగ్గాలి.

పాత అప్లికేషన్ మెషీన్‌కి కరెంటు తీసేయొద్దని మేడమ్ ముందే పట్టుబట్టింది కాబట్టి, ఆ మధ్యాహ్నానికే బిల్ రన్ ఇక్కడికి తిరిగొచ్చింది. ఖాతాకు కావాల్సినవన్నీ ఒకే విడతలో అడిగేలా కోడ్ మార్చాకే మళ్లీ ముంబై వెళ్లింది.

ఆ తర్వాత ఆమె ఒప్పందాల మీద పడింది. అసలు పని అదేనంటాను నేను. క్లౌడ్, లింకు, డేటా సెంటర్ ఎవరికి వారు 99.9 శాతం హామీ రాసిచ్చారు. ఒక్కొక్కరికీ నెలకు 43 నిమిషాలు ఆగే వెసులుబాటు ఉంది. ఆ మూడూ వేర్వేరు సమయాల్లో ఆగితే కస్టమర్‌కి 2 గంటల పైచిలుకు సేవ ఉండదు. అప్పుడు కూడా ముగ్గురి నెలవారీ రిపోర్టులూ పచ్చగానే ఉంటాయి! బిల్లు అందక ఆఫీసులో రీయింబర్స్‌మెంట్ పెట్టుకోలేని ఉద్యోగి ఆ రిపోర్టుల్లో ఎక్కడా కనబడడు. అందుకే ఆమె 'బిల్లు కస్టమర్ చేతికి చేరిన సమయం' అని ఒకే కొలత పెట్టి, ముగ్గురినీ దానికి జవాబుదారులను చేసింది. మెషీన్ల జాబితాలో ఓనర్ గడి ఖాళీగా ఉన్న ప్రతిచోటా ఒక మనిషి పేరు రాయించింది. లింకుకి మా వైపు నుంచి అప్పటిదాకా ఎవరూ లేరు.

2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లోనే క్లౌడ్ రీజియన్ తెరిచింది. దూరం తగ్గుతుంది కదా అని, రిపోర్టుల కోసం నా డేటా కాపీ ఒకటి ఆ రీజియన్‌కి పంపబోతున్నారు. సంక్రాంతికి మార్పులు ఆపేసే ఫ్రీజ్ అయ్యాక, రాత్రి ఒంటిగంటకు మొదలు. చేంజ్ మీటింగులో మేడమ్ రోల్‌బ్యాక్ పేజీ తెరిపించింది. "రెండున్నరకల్లా తేలకపోతే వెనక్కి వచ్చేద్దాం. ఆ మాట కాల్‌లో ఎవరు చెప్తారు?"

"నేను చెప్తాను మేడమ్" అన్నాడు డీబీఏ. ఆ పేజీలో అతని పేరు, ఫోన్ నంబరు ఎక్కాయి.