ఎనీ టైమ్ మేడమ్

ప్రయాణాలరావుకి ఇంటర్వ్యూ రావాలంటే ఒకటే మార్గం. ఎక్కడికో ఒకచోటికి టికెట్లు తీయాలి. ఉద్యోగాల సైట్లలో రెజ్యూమె పెట్టి నెలల తరబడి కాచుక్కూర్చున్నా పలకని కంపెనీలు, బెర్తు కన్‌ఫర్మ్ అయిందని మెసేజీ వచ్చిన మర్నాడే వరసకట్టి ఫోన్లు చేస్తాయి. అసలు పేరు వేరే ఉంది గానీ మా అపార్ట్‌మెంట్లో అందరికీ ఈ పేరే అలవాటు. మియాపూర్ నుంచి మణికొండ దాకా ప్రతి అపార్ట్‌మెంట్లోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు కాబట్టి మీకు పరిచయం చేయడం నా చాదస్తం.

ఇదివరకు రైల్వేవాళ్లు 120 రోజుల ముందే రిజర్వేషన్ ఇచ్చేవారు. 2024 నవంబరు 1 నుంచి దాన్ని 60 రోజులు చేశారు. ఆ వార్త చదివి, ‘అయితే అల్లుడిగారి యోగం కూడా సగానికి పడిపోయినట్టే’ అని బెంగపెట్టుకున్నది దేశం మొత్తమ్మీద ఆయన మామగారు ఒక్కరే. పిల్లకి సంబంధం కుదరకపోతే కాళహస్తి తీసుకెళ్లినట్టు, అల్లుడి ఉద్యోగం మీద మనసుపడ్డప్పుడల్లా ఆయనే ఏదో ఒక ఊరికి టికెట్లు కొనిపెడతారు.

ఫోను వస్తుంది. అవతల హెచ్ఆర్ అమ్మాయి. గొంతునుబట్టి చూస్తే కాలేజీ వదిలి రెండేళ్లయి ఉంటుంది. ‘శుక్రవారం మార్నింగ్ నైన్‌కి వీలవుతుందా సార్?’ అంటుంది. గమనించండి, వీలవుతుందా అనే అడుగుతుంది, వచ్చి తీరాలి అనదు. మనవాడు సోఫాలోంచి లేచి నిలబడి, బనీను కిందికి లాక్కుని, ‘ఎనీ టైమ్ మేడమ్’ అంటాడు. ఎదురుగా గోడమీద క్యాలెండర్లో అదే శుక్రవారానికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన ‘అరకు’ అని వాళ్లావిడ రాసిపెట్టింది. ఆ మాట అంటున్నంతసేపూ అతని చూపు దానిమీదే ఉంటుంది.

పోనీ పిరికివాడా అంటే కాదు. ఆటో అతనితో పది రూపాయల దగ్గర అరగంట నిలబడగలడు. మెయింటెనెన్స్ పెంచారని అసోసియేషన్ సెక్రటరీకి నిండు మీటింగులో ముచ్చెమటలు పట్టించిన మనిషి. ‘ఆ రోజు ఊళ్లో ఉండనండీ, సోమవారం పెట్టుకుందామా’ అన్న ఒక్క ముక్క మాత్రం గొంతు దాటదు. అడిగితే మనకి సీరియస్‌నెస్ లేదనుకుంటారని అతని భయం. సెలెక్టయినా, ఉన్న కంపెనీలో 90 రోజుల నోటీసు పీరియడ్ పూర్తిచేసి గానీ కొత్తచోట చేరలేడు. మూడు నెలలు ఆగగల కంపెనీ మూడు రోజులు ఆగలేదా? ఆగుతుందని అతనికీ తెలుసు. ఇదే చిక్కు బావమరిదికి వస్తే, ‘భలేవాడివిరా, డేట్ మార్చమని అడుగు, కొరుక్కు తింటారా!’ అని ధైర్యం చెప్పి పంపాడు. వాడు అడిగాడు. మార్చారు.

ఫోను పెట్టేశాక అసలు ఇంటర్వ్యూ వంటింట్లో మొదలవుతుంది. ‘వెళ్తున్నామా, లేదా?’ ఒకటే ప్రశ్న, ఒకటే రౌండు. ‘ఉద్యోగం కంటే ఊళ్లు తిరగడం ఎక్కువా?’ అని వాళ్లమ్మగారు హాల్లోంచి అందిస్తారు. మనవాడు ఇద్దరికీ కలిపి ఒకే జవాబు చెబుతాడు: ‘రెండూ అవుతాయి.’

అరకులో రెండూ ఎలా అయ్యాయో చెప్పాలి. విశాఖలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు, అందులో విస్టాడోమ్ అద్దాల పెట్టె. పైన ఇస్త్రీ చొక్కా, మెడలో టై, కింద నిక్కరు, ఒళ్లో ల్యాప్‌టాప్. ఘాట్ ఎక్కడం మొదలయ్యేసరికి సొరంగాలు కూడా మొదలయ్యాయి. ‘మీ బలం ఏమిటి?’ అన్నారు అవతలివాళ్లు. సొరంగం. ‘ఉన్న ఉద్యోగం ఎందుకు మారుతున్నారు?’ ఇంకో సొరంగం. సొరంగంలో దూరగానే పెట్టె పెట్టంతా ‘ఓ’ అని కేక పెట్టడం మనవాళ్ల ఆచారం కదా. మనవాడి జవాబులు ఒక్కటీ చేరలేదు గానీ, సిగ్నల్ పోయేముందు ఆ కేక మాత్రం కంపెనీకి శుభ్రంగా అందిందిట. బొర్రా గుహల స్టేషన్లో మళ్లీ సిగ్నల్ వచ్చేసరికి తెరమీద ఎవరూ లేరు.

తిరుమల దగ్గర ఈ ఎత్తు కూడా సాగదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్లో పెడతారు. వాటికోసం ఇంటిల్లిపాదీ తలో ఫోనూ పట్టుకుని కూర్చోవాలి. చేతికి వచ్చిన టికెట్ ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. పంచె కట్టుకోవాలి, ఫోను బయటే అప్పగించాలి. అంచేత క్యూలో నిలబడి నాలుగు ముక్కలు మాట్లాడేద్దామన్న ఆశ లేదు. సరిగ్గా దర్శనం రోజే, బుధవారం నాడే, ఇంటర్వ్యూ పడింది. ఎనీ టైమ్ అనేశాడు కూడా.

మంగళవారం రైలెక్కేముందు మెయిల్ పెట్టాడు. పెదనాన్నగారు హఠాత్తుగా కాలం చేశారు, ఊరెళ్తున్నాను, దయచేసి వచ్చేవారం అవకాశమివ్వగలరు. (ఆ పెదనాన్నగారికి ఇది మూడో చావు. భీమవరంలో ఉంటారు, రొయ్యల చెరువులున్నాయి, మనిషి దుక్కలా ఉంటారు.) నిజం చెప్పడానికి తడబడే మనిషి ఈ మెయిల్లో ఒక్క స్పెల్లింగు తప్పు కూడా చేయలేదు.

కంపెనీవాళ్లు సంతాపం తెలిపి సోమవారం రమ్మన్నారు. మనవాడు కల్యాణకట్టలో మొక్కు చెల్లించి, దర్శనం చేసుకుని, సోమవారం నాటికి గచ్చిబౌలిలో వాళ్ల ముందు కూర్చున్నాడు. ఇక్కడ స్వామే ఆదుకున్నాడనుకోవాలి. నున్నటి గుండు చూడగానే హెచ్ఆర్ అమ్మాయి గొంతు తగ్గించింది. మేనేజరు లేచొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ‘బాగా దగ్గరివారా?’ అన్నాడు. ‘నన్ను పెంచింది ఆయనేనండీ’ అని మనవాడు ఇంకో పిసరు కలిపాడు. టెక్నికల్ ప్రశ్నలు ఒకటి రెండు అడిగి, మిగతా టైమంతా ఓదార్చారు. చివర్లో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించమన్నారు. బ్యాగు జిప్పు లాగగానే నెయ్యి, యాలకులు, పచ్చకర్పూరం కలిసిన వాసన గదంతా కమ్ముకుంది. ఆ వాసన పోల్చుకోని తెలుగువాళ్లుంటారా? డిగ్రీ పట్టా మూలన ఇంత నెయ్యి మరక, దాని కింద శ్రీవారి లడ్డూలు.

మైలలో ఉన్నవాడు కొండకెలా వెళ్లాడని ఎవరూ అడగలేదు. మేనేజరు చెయ్యి చాపి, ‘ఒకటి ఇలా ఇవ్వండి’ అన్నాడు. కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. ‘దర్శనం టికెట్ ఉందంటే సరిపోయేది కదండీ. ఆ బుధవారం నేనూ లేను, ఊటీలో ఉన్నాను. మీ మెయిల్ రాకపోతే మా అత్తగారికి గుండెనొప్పి అని చెబుదామనుకున్నాను’ అన్నాడు.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఇద్దరూ ఒకే టీములో ఉన్నారు. ఆ టీములో ఎవరికి నాలుగు రోజులు సెలవు కావాలన్నా బంధువుల్లో ఎవరో ఒకరు మంచం పట్టాల్సిందే.

కాబట్టి హెచ్ఆర్ వారికి నాదొక విన్నపం. తేదీ చెప్పేటప్పుడు, ‘ఆ రోజుకి ఎక్కడికైనా టికెట్లు తీసుకున్నారా?’ అని మీరే ఓ మాట అడిగేయండి. భీమవరంలో పెద్దాయన ఇంకొన్నాళ్లు బతుకుతారు.