ఘంటాపథం: ఒక అట్టపెట్టెకు టీకా తాత్పర్యం

మూలం: ఇక మీ గుమ్మం మీ గుప్పిట్లో! ఎవరొచ్చినా, మీరెక్కడున్నా, ఇంట్లో ఉన్నట్టే.*

అవతారిక: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కమిటీవారు వీడియో డోర్‌బెల్లులు టోకున కొనదలచి, పది ఫ్లాట్లవారు ముందుకొస్తే షాపువాడు ధర తగ్గిస్తానన్నాడని, అట్టపెట్టె ఒకటి పట్టుకొని ఇంటింటికీ తిరుగుచున్నారు. ఆ పెట్టె మీది వాక్యమే పై మూలము. కర్త అజ్ఞాతుడు. ఛందస్సు లేదు, ధర ఉన్నది. “మాస్టారూ, చదువుకున్నవారు, మీరొకసారి చదివి చెప్పండి” అని కార్యదర్శిగారు పెట్టెను నా చేతిలో పెట్టిరి. చదవమన్న తరువాత ఎంత చదువుదునో నిర్ణయించు అధికారము ఆయనకు లేదు.

వ్యాఖ్యాతలకు పెద్దదిక్కు మల్లినాథసూరి. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరు. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అన్నది ఆయన ప్రతిజ్ఞ. కిరాతార్జునీయానికి ఆయన రాసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం, అంటే ఏనుగుల గంటలు మోగుతూ సాగే రాజమార్గం. ఆ పేరును కాలింగ్‌బెల్లుకు తగిలించినందుకు ఆయన మన్నించుగాక. ఆయన ప్రతిజ్ఞలో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం మా కమిటీ సమావేశాల్లో ఎవరూ పాటించరు, నేనొక్కణ్ణే ఎందుకు పాటించవలెను?

టీక: ఇక = ఇకమీదట. గుమ్మం = స్పష్టము. గుప్పిట్లో = ఇదియు స్పష్టమే; గుమ్మం గుప్పిట్లో పట్టదు, ఫోను పట్టును, కావున లక్షణచేత ఫోనని గ్రహించునది. ఎవరొచ్చినా = ఇది కఠినము. ఇచ్చట ఆగవలెను.

వాకిట నిలిచినవాడెవడో తేల్చుట సామాన్యమైన పని కాదు. ఈ శాస్త్రమునకు ఆద్యులు జయవిజయులు. వైకుంఠంలో ఏడవ ద్వారం దగ్గరికి సనకసనందనాదులు వచ్చిరి. బ్రహ్మ కొడుకులలో అందరికన్న పెద్దవారు. చూపునకు మాత్రం ఐదేండ్ల బాలురు. ఒంటిమీద బట్ట లేదు. ద్వారపాలకులు కనబడినదానినే నమ్మిరి. ఎవరో పిల్లలు, తెలిసిన ముఖాలు కావు అని బెత్తములు అడ్డముంచిరి. ఫలితము శాపము, మూడు జన్మలు: హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు. వారిని తిరిగి డ్యూటీలో చేర్చుకొనుటకు విష్ణుమూర్తి వరాహము, నరసింహము, రాముడు, కృష్ణుడు అని నాలుగు అవతారాలెత్తవలసి వచ్చెను. ఒక్క తప్పుడు అలర్టుకు ఇంత ఖర్చు! ఇక కైలాసంలో పార్వతి వాకిట నిలిపిన బాలుడు ఏకంగా ఇంటి యజమానినే ఆపెను. ఎవరి తల పోయినదో మీకు తెలియును. మా కార్యదర్శిగారు మాత్రం “ఇది ముఖాలు గుర్తుపడుతుంది మాస్టారూ” అని పెట్టెను ప్రేమతో నిమురుచున్నారు.

ద్వారపాలకుల వెంట గంటలు రావలెను, కావున వచ్చుచున్నవి. తిరువారూరులో మనునీతి చోళుడు వాకిట గంట కట్టించెనని తమిళుల కథ. రాకుమారుడి రథం కింద దూడ నలిగితే తల్లి ఆవు వచ్చి ఆ గంట లాగింది. రాజు స్వయంగా బయటికొచ్చి, విచారించి, కొడుక్కి అదే శిక్ష వేశాడు. మా బెజవాడ మాధవవర్మకూ ఇలాంటి కథే ఉంది. అక్కడ దూడ లేదు, ఒక పేదరాలి బిడ్డ. జహంగీరు పాదుషా 1605లో గద్దెనెక్కగానే ఆగ్రా కోట బురుజు నుంచి యమున ఒడ్డున ఒక రాతిస్తంభం దాకా బంగారు గొలుసు వేయించి, దానికి 60 గంటలు కట్టించానని తన చరిత్రలో తానే రాసుకున్నాడు. ఏనాడైనా ఎవరైనా వెళ్ళి లాగారా అన్నది వేరే గ్రంథం. కాని లాగదలచినవాడు ఏ వైపు నిలబడవలెనో చూడుడు. కోట బయట. లోపలివాణ్ణి నిద్రలేపి రప్పించే హక్కును బయటివాడి పేర రాసిచ్చిన దస్తావేజు గంట. ఎంత పేదవాడికైనా మన గుమ్మంలో సొంతమైనది ఆ మీట ఒక్కటే.

పెట్టెలోని ఘంటారాజము ఆ తాడును మెల్లగా లోపలికి లాగికొన్నది. మీట నొక్కకమునుపే లోపలివాడికి కబురు చేరును. నొక్కిన పిమ్మట లేచి రావలెనా అన్నది లోపలివాడి చిత్తము. మనునీతి చోళుడి కాలంలో ఇదే ఉంటే “మీ గుమ్మం ముందు కదలిక” అని ఫోను కుయ్యిమనేది. రాజుగారు చూసి, ఆవేనని బొటనవేలితో పక్కకు నెట్టేసేవారు.

ఇంతకు మనము డోర్‌బెల్లు కొనుట గూర్చి కదా చెప్పుకొనుచున్నాము.

మీరెక్కడున్నా = ఇక్కడ వ్యాఖ్యానం కొంచెం పక్కన పెడతాను. మా మూడో అంతస్తులో ఒక పెద్దావిడకు డాలస్‌లో ఉన్న కొడుకు ఈ వస్తువు నిరుడే బిగించిపోయాడు. ఇక్కడ పగలు పదకొండైతే అక్కడ అర్ధరాత్రి. ఆకుకూరలమ్మాయి మీట నొక్కుతుంది. మోకాళ్ళు పట్టుకుని ఈవిడ లేచేలోగా గోడలోంచి మగగొంతు “ఎవరది? ఏం కావాలి?” అంటుంది. ఆ అమ్మాయి హడలిపోయి గంప ఎత్తుకుంటుంది. తలుపు తీసేసరికి గోంగూర రెండో అంతస్తుకు దిగిపోయి ఉంటుంది. అర్ధరాత్రి నిద్ర పాడుచేసుకుని తల్లిని కాపాడిన కొడుకును ఏమీ అనలేం. కాని ఆవిడ మాట్లాడే నలుగురిలో ఒకరు తగ్గారు. ఇంకో ఇంటి ముందు, మే నెల ఎండలో, లిఫ్టు పనిచేయని రోజున పార్సిలు మోసుకొచ్చిన కుర్రాడితో గోడ “అక్కడ పెట్టేసి వెళ్ళు బాబూ” అంది. ఆ గొంతు ఆఫీసులో ఉందని వాడికి తెలియదు. “కాసిని మంచినీళ్ళిస్తారా సార్” అన్నాడు. ఆ మాట వీడియోలో ఇప్పటికీ ఉండే ఉంటుంది, చందా కట్టినన్నాళ్ళు. పనిమనిషి ఎన్నింటికొచ్చిందో నిమిషాలతో సహా చూపించి జీతం కోస్తున్న ఇల్లు కూడా ఒకటుంది. ఏ ఫ్లాటో రాయను.

ఇంట్లో ఉన్నట్టే = ఇందలి అలంకారమేమని ప్రశ్న. ఉపమ అందమా, పోల్చుటకు ఇంట్లో ఒకరైన ఉండవలెను. ఎవరును లేకనే గదా ఈ వస్తువు. లేనిదానిని ఉన్నట్లు ఊహించుట ఉత్ప్రేక్ష. అతిశయోక్తి అని కొందరందురు. ధర చూచినవారిది ఆ పక్షము.

విశేషము: మనిషి రాకను ఈ యంత్రము ఒంటివేడిని బట్టి పసిగట్టును. పరిసరాలకన్న ఒళ్ళు వెచ్చగా ఉన్నంతసేపు ఇది చక్కగా సాగును. బెజవాడలో మే నెల మధ్యాహ్నం గోడయు వేడియే, గాలియు వేడియే, దొంగయు అంతే వేడి. అప్పుడు యంత్రమునకు భేదబుద్ధి సన్నగిల్లి అద్వైతసిద్ధి కలుగుటకు వీలున్నది. శంకరులకు భాష్యములు రాసినగాని లభింపనిది దీనికి రెంటచింతల ఎండలో ఊరకయే లభించును. మరియు అమెరికా ఇళ్ళలో బెల్లు తీగకు ట్రాన్స్‌ఫార్మరు దాటి వచ్చేది 16 నుంచి 24 వోల్టులు. మన గోడలో బెల్లుకు సాధారణంగా నేరుగా 230. అక్కడి లెక్కకు చేసినదానిని ఇక్కడి తీగకు తగిలించినచో ఘంటానాదము ఒక్కమారే వినబడును. అందుచేత బ్యాటరీ రకం కొనమందురు. దానిని కొన్ని నెలలకొకసారి గోడనుండి ఊడబెరికి చార్జింగు పెట్టవలెను; ఆ పూట గుమ్మం మూగది. కరెంటు పోయిన రౌటరు పోవును, రౌటరు పోయిన కబురు పోదు. పాత బెల్లు కూడా కరెంటు పోతే మోగదు కదా అని శంక. నిజమే. అది మోగనందుకు నెలనెలా డబ్బు అడుగలేదు.

మీ గుప్పిట్లో = ఈ ‘మీ’ షష్ఠియా, మర్యాద కొరకు వాడినదా అని విచారము. రింగ్ అను ప్రసిద్ధ ఘంటను కనిపెట్టినవాడు 2013లో అమెరికా టీవీ కార్యక్రమంలో పెట్టుబడి కోరి వట్టిచేతులతో తిరిగి వెళ్ళెను. 2018లో అమెజాన్ ఆ సంస్థను కొనెను. 2023లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఉద్యోగులు వాడుకదారుల సొంత వీడియోలు చూచిరని ఆరోపింపగా, కంపెనీ 58 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. ద్వారపాలకుడు వీధివైపు తిరిగి నిలబడవలెనన్న నియమము జయవిజయులు సైతం తప్పలేదు. కావున షష్ఠి సందేహాస్పదము.

దేహళీదీప న్యాయమని ఒకటున్నది. గడప మీద పెట్టిన దీపం లోపలికీ బయటికీ వెలుగిచ్చును. ఎదురెదురు గుమ్మాల అపార్ట్‌మెంట్‌లో ఈ కంటికీ అదే న్యాయం. మా ఎదురింటివారి గుమ్మంలో ఇప్పటికే ఒకటి వెలిసింది. నేను లుంగీతో పాలప్యాకెట్టు తీసుకొనుట, పేపరు వంగి ఏరుకొనుట, ఇంట్లో మాటపడి కాసేపు బయట నిలబడుట, అన్నీ వారి భాండాగారంలో భద్రంగా ఉన్నవి. 2021లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు ఇలాంటి తగాదాలోనే, పొరుగువారి మాటలు అంత దూరం నుంచి వినేలా పరికరాలు పెట్టడం అక్కడి సమాచార రక్షణ చట్టానికి విరుద్ధమని చెప్పింది. మన సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017లో గోప్యత ప్రాథమిక హక్కన్నారు. 2023లో వచ్చిన మన డేటా చట్టం మాత్రం సొంత, ఇంటి అవసరాలకు వ్యక్తులు చేసుకునేదాన్ని తనకు పట్టనిదిగా వదిలేసింది. ఎదురింటాయన చట్టం చదవలేదు. చదివిన నేను లుంగీ మానేసి పంచె కడుతున్నాను.

* = ఇది నక్షత్రము. పెట్టె అడుగున చీమతలకాయంత అక్షరాలలో దీని ఫలము కలదు: ఉచిత కాలం ముగిసిన పిదప చందా వర్తించును. మూలకర్త ప్రతిభయంతయు ఈ నక్షత్రమునందే నిక్షిప్తమైయున్నది. పైవాక్యములోని మాటలన్నియు మనవి, ఇది ఒక్కటే ఆయనది.

సిద్ధాంతము: కొనదగునా? వినబడనివారు, నడవలేనివారు ఒంటరిగా ఉన్న ఇంటికి కొనదగును. ఫోను మాత్రం వారి చేతిలోనే ఉండవలెను. గేటుకూ గుమ్మానికీ నడుమ పెరడంత దూరమున్న వీధి ఇంటికి కొనవచ్చును. మా అపార్ట్‌మెంటుకు తలుపుకు బిగించే మ్యాజిక్ ఐ చాలును. దానికి చందా లేదు, చార్జింగు లేదు. అందులోంచి ఎదురింటిని చూడదలచినవారు కుర్చీలోంచి లేచి తలుపుదాకా నడిచి రావలెను. అంత ఓపికున్నవారు చూచుకొందురు గాక.

పాఠభేదము: కమిటీ జాబితాలో నా పేరెదుట ‘ఆలోచించి చెబుతామన్నారు’ అని కనబడుచున్నది. అది లేఖక ప్రమాదము. ‘వద్దన్నారు’ అని దిద్దుకొనునది.