మట్టెవాడకు రెండో సూర్యుడు

ఓరుగల్లు ఎండ మీద జనానికి వెయ్యి ఫిర్యాదులున్నాయి. చాలడం లేదన్న ఫిర్యాదు మాత్రం మే నెలలో మట్టెవాడ డాబా ఎక్కినవాడెవడూ చేయలేదు. ఆ ఘనత మా బామ్మర్దికి దక్కింది.

వాడు సయనోటైపు అనే నీలి ఫోటోలు వేస్తాడు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. రెండు ఇనుప లవణాలు కలిపి కాగితానికి పూసి, మీద నెగెటివ్ పెట్టి, అద్దంతో అదిమి ఎండలో ఉంచితే అతినీలలోహిత కిరణాలు తగిలిన మేర నీలం తిరుగుతుంది. తక్కిన మందు నీళ్లలో కడిగితే పోతుంది. ఇళ్ల ప్లాన్లకు బ్లూప్రింట్ అన్న పేరు దీనివల్లే వచ్చింది. నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ కాలంలోనూ ప్రింట్లు ఎండలోనే వేసేవారు. ఆయనకు సరిపోయిన సూర్యుడు వీడికి సరిపోడట!

"ఎండను నమ్ముకుంటే ఎట్ల బావా? పొద్దున ఒకతీరు, మాపటికి ఒకతీరు. మబ్బు పడితే లెక్కంత తప్పుతది" అన్నాడు. వాళ్లక్క తలూపింది. తీర్పు అయిపోయింది.

పెట్టె కట్టాడు. చెక్క మా పాత టీవీ స్టాండుది. లోపల అంటించింది చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు. ఈగల్ని రప్పించి చంపే యంత్రాల్లో ఉండే నీలి ట్యూబులు ఎనిమిది, ఒక్కోటి 20 వాట్లు, వాటికి చోకులు, స్టార్టర్లు. కావలసింది 365 నానోమీటర్ల దగ్గరి వెలుగట, మామూలు ఎల్‌ఈడీ బల్బులో ఆ సరుకు ఉండదట. అద్దం ఎక్కడిదంటారా? గోడ మీద మా నాయన పటం బోసిగా ఉంది. బతికుండగా కళ్లద్దాలకు, ఇప్పుడు పటం అద్దానికి వెతుక్కోవలసిన గతి ఆయనది.

ఇక నా లుంగీ. పసుపుపచ్చ మందు నాలుగు చుక్కలు తెల్ల లుంగీ మీద పడితే ఎవరూ పట్టించుకోలేదు. ఉతక్కుండా దండెం మీద వేసిన కాసేపటికి నాలుగూ నీలం తిరిగాయి. ఎండ చాలుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మా ఆవిడ సోడాలో నానబెట్టింది. నీలం పోయి తుప్పు మరక మిగిలింది. క్షారం తగిలితే ఆ నీలం విరిగి ఇనుప తుప్పు అవుతుందని బామ్మర్ది వివరించాడు, చాలా సంతోషంగా. అందుకే మా బోరు నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి ఫోటోలు కడుగుతాడు. ఆ నిమ్మ ఉప్పూ మా వంటింటిదే.

మొన్న ముసురు పట్టిన రాత్రి, సూర్యుడు ఏ మూల ఉన్నాడో తెలియని వేళ, వేయిస్తంభాల గుడి నంది ఆ పెట్టెలోంచి వచ్చి, నీళ్లలో కడిగేసరికి నీలంగా తేలింది. బాగుంది. పైకి అనలేదు. అంటే రెండో పెట్టె కడతాడు.

ఇలాంటి బామ్మర్ది ఉన్న పాఠకులకు ఒక్క మనవి. నీళ్ల ఫిల్టరులో క్రిముల్ని చంపే ట్యూబు చేతికి దొరికిందని పెట్టెలో బిగించనీయకండి. అది 254 నానోమీటర్లది, కళ్లనూ చర్మాన్నీ కాలుస్తుంది. నీలి ట్యూబులైనా సరే, వెలుగుతుండగా మూత తీసి తొంగిచూడనీయకండి. కరెంటు బిల్లు సంగతి మీరూ మీ ఆవిడా చూసుకోండి.