పండుటాకుల ఆసామి

పండుటాకుల ఆసామి పారిశ్రామిక వాడల్లో పెరిగే మనిషి. ఇంటి ముందు నాలుగు గజాల మట్టి, మిద్దె మీద ఇరవై కుండీలు, మనసులో ఒక విదేశీ అక్టోబరు ఉంటే చాలు, ఆసామి తయారు. తెలుగునేల మీద చాలాచోట్ల కనిపిస్తాడు గానీ బొల్లారంలో మరీ ఏపుగా పెరుగుతాడు. బొల్లారం అంటే రాష్ట్రపతి నిలయం ఉన్న సికింద్రాబాదు బొల్లారం కాదు. దానికి తోటలున్నాయి, తోటమాలులున్నారు. ఇది సంగారెడ్డి జిల్లా బొల్లారం. పటాన్‌చెరు పక్కన బల్క్‌డ్రగ్ కంపెనీలు, బాయిలర్ పొగగొట్టాలు, తెల్లవారకముందే హారన్ కొట్టే షిఫ్టు బస్సులు ఉండే చోటు. పెళ్లిపత్రిక పట్టుకుని ఆ బొల్లారం వెళ్లిపోయిన బంధువులు అక్కణ్నుంచి ఫోన్ చేసి దారి అడగడం ఈ బొల్లారం వాళ్లకు మామూలే.

ఆసామి సాధారణంగా ఏ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులోనో పాతికేళ్లుగా పనిచేస్తున్నవాడు. సొంతూరు తెనాలి కావచ్చు, జోగిపేట కావచ్చు. బీఎస్సీ కెమిస్ట్రీ మాత్రం ఖాయం. ఏం జరిగినా రిజిస్టరులో రాసి సంతకం పెట్టే అలవాటు ఉద్యోగం ఇచ్చింది. ఆకుల పిచ్చి అమెరికా ఇచ్చింది. కూతురి పురిటికి భార్యాభర్తలిద్దరూ విజిటర్ వీసా మీద న్యూజెర్సీ వెళతారు. అక్కడ ఆమెకు చేతినిండా పని: పథ్యం వంట, పసిదాని స్నానం, సాంబ్రాణి ధూపం. ఆయనకు ఒక్క పనీ ఉండదు. పనిలేని మామగారితో ఏం చేయాలో తోచక అల్లుడు ఒక శనివారం కారెక్కించి వెర్మాంట్ కొండలకు తీసుకుపోతాడు. కొండకు కొండ ఎర్రబడి ఉన్న ఆ మేపుల్ చెట్ల కింద ఆయనకు అంటుకున్నది ఇంక వదలదు. ఫోన్‌లో నాలుగొందల ఫొటోలు చేరతాయి. వాటిలో మనవరాలివి పదకొండు.

తిరిగొచ్చాక మొదటి లక్షణం, సొంత పెరటి మీద చిన్నచూపు. నందివర్ధనం, మల్లె, కరివేపాకు అన్నీ ఆయన కంటికి ఏడాది పొడవునా ఒకే యూనిఫాం వేసుకున్న కూలీల్లా కనిపిస్తాయి. రెండో లక్షణం ఉపన్యాసం. నిజం చెప్పాలంటే ఉపన్యాసంలో తప్పేమీ ఉండదు. ఆకుకు పచ్చదనం ఇచ్చేది పత్రహరితం. చలిదేశాల చెట్లు పగటిపూట కురచవుతుండగానే శీతాకాలాన్ని పసిగట్టి, పత్రహరితాన్ని విడగొట్టి, ఆకులో ఉన్న నత్రజని, భాస్వరం లాంటి విలువైన సరుకును కొమ్మల్లోకి లాగేసుకుంటాయి. ఆసామి దీన్ని ‘సాల్వెంట్ రికవరీ’ అంటాడు, క్యాంటీన్‌లో అందరికీ వెంటనే అర్థమవుతుంది. పచ్చదనం తప్పుకోగానే, మొదటినుంచీ ఆకులోనే ఉన్న కెరోటినాయిడ్ల పసుపు, నారింజ బయటపడతాయి. ఎరుపు దారి వేరు. అది ఆంథోసయనిన్ అనే రంగుది, చాలావరకు అప్పటికప్పుడు కొత్తగా తయారయ్యేది. పగలు మంచి ఎండ కాయాలి, రాత్రి చల్లబడాలి గాని గడ్డకట్టకూడదు. అప్పుడు ఆకులో చక్కెర నిలిచి ఎరుపు చిక్కబడుతుంది. చివరికి తొడిమ మొదట్లో ఒక పొర విడిపోయి ఆకు రాలుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా ఆయన నిలబడి చెబుతున్న చోటుతోనే. న్యూజెర్సీలో ఏడాదిలోకెల్లా పొడవైన పగటికీ కురచ పగటికీ తేడా అయిదున్నర గంటల పైమాటే. 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్న బొల్లారంలో ఆ తేడా రెండు గంటలు, పైన కొన్ని నిమిషాలు. అక్టోబరు వచ్చిందని ఇక్కడి చెట్టు కంగారు పడాల్సిన పనే లేదు. వానలు అప్పుడప్పుడే తెరిపిచ్చి ఉంటాయి, నేలలో తేమ ఉంటుంది, చెట్టుకు కడుపు నిండిన రోజులవి. మన పంచాంగం ఆకు రాలడాన్ని శిశిరానికి, అంటే మాఘ ఫాల్గుణాలకు అప్పజెప్పింది. ఆశ్వయుజ కార్తీకాల శరత్తుకు వెన్నెల ఒక్కటే బాధ్యత. ఆసామికి పంచాంగం మీద గౌరవం లేకపోలేదు, పెళ్లి ముహూర్తాల వరకు. ఆకుల విషయంలో ఆయన వెర్మాంట్ తిథులే పాటిస్తాడు.

చలి దగ్గర మాత్రం ఆయన చేతిలో ఒక ఆధారం ఉంది. హైదరాబాదు చుట్టుపక్కల అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదయ్యే చోట్లలో పటాన్‌చెరు పేరు తరచూ పత్రికలకెక్కుతుంది. కొన్ని డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కడ పాదరసం 10 డిగ్రీల దిగువకు జారుతుంది. ఆ వార్తముక్కలన్నీ కత్తిరించి రిజిస్టరులో అంటించి ఉంటాయి. కూతురు ఫోన్ చేసి అక్కడ మంచు కురుస్తోందని చెబితే, “ఇక్కడా తక్కువేం లేదమ్మా” అంటాడు, చేతుల్లేని బనీను మీద కూర్చుని.

తరువాతి దశ సేకరణ. ఆన్‌లైన్‌లో మేపుల్ గింజల పొట్లాలు వస్తాయి. ఎరుపు, ఊదా, ఆఖరికి నీలం మేపుల్ కూడా. నీలిరంగు మేపుల్ భూమి మీద లేదన్నది కెమిస్టుకు తోచాలి, కానీ తోచదు. మేపుల్ జాతుల్లో చాలావాటి గింజలు మొలవాలంటే ముందు చలికాలం గడిచినట్టు వాటికి నమ్మకం కలగాలి. తడి ఇసుకలో వేసి రెండు మూడు నెలలు ఫ్రిజ్‌లో పెట్టాలి.

“ఏమండీ, దోసెల పిండి పక్కన ఈ మట్టి డబ్బా ఏంటి?”

“దానికి చలికాలం నడుస్తోంది. కదపకు.”

ఆ చలికాలం సాధారణంగా పండగకు అత్తగారు ఫ్రిజ్ కడిగే రోజున ముగుస్తుంది.

గింజలు కాకపోతే నర్సరీ. గోదావరి పక్క కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కలు రోడ్డు పక్కన వరసగా దిగుతాయి. “సార్, ఇది రెడ్ మేపుల్. మన ఎండకు అలవాటు చేసిన వెరైటీ” అని చెప్పి అమ్మే మొక్క ద్రాక్షసారా రంగు ఆకులతో, ఆకుకు మూడు నుంచి అయిదు చీలికలతో, చూడ్డానికి అచ్చం జపాన్ మేపుల్‌లాగే ఉంటుంది. ఆసామి దానికి ఇత్తడి గొలుసుతో పేరుపలక కడతాడు. వృక్షశాస్త్రం మాటకొస్తే అది మందారం కులానిది, ఆఫ్రికా పుట్టుక, గోంగూరకు దగ్గరి చుట్టం. ఈ సంగతి కనిపెట్టడానికి ఇల్లాలికి శాస్త్రం అక్కర్లేదు, ఒక ఆకు తుంచి నాలుక మీద వేసుకుంటే పులుపు తగిలింది. ఆ రోజు పప్పులో మేపుల్ పడింది. బాగానే ఉందని ఆసామి కూడా ఒప్పుకున్నాడు, రిజిస్టరులో మాత్రం రాయలేదు.

మిద్దె మీద కుండీల్లో క్రోటన్లు, కోలియస్, రాగిరంగు అకాలిఫా చేరతాయి. ఇవి చలికాలంతో పనిలేకుండా పన్నెండు నెలలూ రంగులో ఉంటాయి, అందుకే ఆసామికి వాటి మీద పెద్ద గౌరవం ఉండదు. కష్టపడకుండా ఎర్రబడేవాటిని ఆయన ఆకులుగా లెక్కపెట్టడు. ఎర్ర తోటకూర ఎరుపు అసలు వేరే రసాయనం, బీట్‌రూట్‌లో ఉండే బీటాలెయిన్ల తరగతి. అది జాబితాలోంచి మొదటే కొట్టివేత.

ఆయన ప్రాణమంతా పాయిన్‌సెట్టియా మీద. మెక్సికో పొద. పువ్వులనుకునే ఎర్రటి రేకులు దానికి నిజంగా ఆకులే. రాత్రులు పొడవైతే ఎర్రబడతాయి. పొడవంటే ఉత్త పొడవు చాలదు, చీకటి మధ్యలో వెలుతురు తగలకూడదు. పారిశ్రామిక వాడలో చీకటి దొరకడం ఎంత కష్టమో పాయిన్‌సెట్టియా పెంచితేగాని తెలియదు. వీధి దీపం ఒక పక్క, ఎదురు కంపెనీ గేటు ఫ్లడ్‌లైటు ఇంకో పక్క. అక్టోబరు నుంచి ఆసామి సాయంత్రం అయిదింటికి మొక్క మీద నల్ల డ్రమ్ము బోర్లించి, పొద్దున ఏడింటికి తీస్తాడు. దాని డ్యూటీ చార్టు వేరే. సెకండ్ షిఫ్టు పడిన వారం ఆ పని ఇల్లాలిది. ఆమె సీరియల్ అయ్యాక బోర్లిస్తుంది. డిసెంబరులో పైన నాలుగు ఆకులు ఎర్రబడి మిగతావి పచ్చగా ఉంటే ఆసామి చార్టు తెరిచి ఎవరి షిఫ్టులో పొరపాటు జరిగిందో విచారణ పెడతాడు.

ఇన్ని పాట్ల మధ్య ఏ ప్రయత్నమూ లేకుండా ఎర్రబడే చెట్టు ఒకటి వీధిలోనే ఉంటుంది. అది బాదం. డబ్బాలో దాచుకునే బాదం కాదు, కాయల్ని పిల్లలు రాళ్లతో కొట్టుకుని తినే బాదం. దాని పెద్ద పెద్ద ఆకులు రాలే ముందు పసుపు, నారింజ, ఎరుపు రంగులకు తిరుగుతాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇలా దుస్తులు మారుస్తుంది. ఆసామి దాన్ని చాలా ఆలస్యంగా గుర్తిస్తాడు, ఎందుకంటే అది పక్కింటివాళ్లది. గుర్తించాక గోడ మీంచి తనవైపు రాలిన ఆకుల్ని ఊడ్వనివ్వడు. వెర్మాంట్‌లో ఊడ్చరని వాదిస్తాడు. డ్రైనేజీ జాలీ మూసుకుపోయి వీధిలో నీళ్లు నిలిచిన రోజున కాలనీ మొత్తానికి వెర్మాంట్ పేరు తెలుస్తుంది. ఎండిన బాదం ఆకు అక్వేరియం నీటిలో వేస్తే కొన్నిరకాల చేపలకు మంచిదని పెంపకందార్లు వాడతారు. ఆకులు ఏరుకోవడానికి సంచీతో వచ్చిన కుర్రాణ్ని చూసి ఆసామి తనలాంటి రసికుడు మరొకడు దొరికాడని టీ ఇప్పిస్తాడు.

బొల్లారంలో ఆకు పసుపెక్కడానికి ఋతువే కారణం కానవసరం లేదని ఆసామికి తెలియంది కాదు. 1990లో పటాన్‌చెరు ప్రాంతపు కాలుష్యం మీద వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాలను లెక్కతేల్చినప్పుడు పటాన్‌చెరు బొల్లారం వాటిలో ఉంది. ఇలాంటి చోట పండుటాకు అంటే ఒక ల్యాబ్ రిపోర్టు. కొత్త ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదని. క్షారం ఎక్కువున్న మట్టిలో, కఠినమైన బోరు నీళ్లతో ఇది మామూలు. ముదురాకులు ముందుగా పసుపైతే నత్రజని తక్కువని. అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరిగితే ఉప్పు పేరుకుందని. గంధకపు పొగ ఎక్కువైతే ఈనెల మధ్య మచ్చలు. ఇవన్నీ పరాయివాళ్ల మొక్కల్లో ఆసామి దూరం నుంచే చెప్పగలడు. సొంత మందారం మీద నిమ్మపండు రంగు వస్తే మాత్రం కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, అల్లుడికి ఫొటో పంపిస్తాడు, కింద ‘ఫాల్ కలర్స్, బొల్లారం’ అని రాస్తాడు.

ఆయనకు ఏటా పరీక్షాకాలం బతుకమ్మ. సరిగ్గా ఆయన ఆకులు చూసే రోజుల్లోనే తెలంగాణ అంతా పూల కోసం తిరుగుతుంది. తంగేడు, బంతి, గునుగు. తెల్లటి గునుగు సరిపోక దాని కొసలకు ఎరుపు, ఊదా అద్దకాలు వేసి మరీ పేరుస్తారు. శరత్కాలపు రంగు కావాలంటే ఈ నేల కనిపెట్టుకున్న ఉపాయం అది. పక్కింటావిడ గేటు దగ్గరికొస్తుంది.

“అన్నా, బతుకమ్మకు నాలుగు పూలుంటే ఇయ్యరాదు?”

“పూలు లేవమ్మా. కోలియస్ చూడు, ఎంత ఎరుపో.”

“ఆకులు పేర్చి ఆడుతరా అన్నా ఎవరన్న?”

దసరా సాయంత్రం ఇంకా ఇబ్బంది. వీధి పిల్లలంతా వచ్చి జమ్మి ఆకు చేతిలో పెట్టి, “బంగారం” అని కాళ్లకు మొక్కుతారు. జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం, దాని ఆకు ఆ వేళకు నిక్షేపంలా పచ్చగా ఉంటుంది. బంగారురంగు ఆకు కోసం నెల్లాళ్లుగా కాపుకాసిన మనిషి, పిడికెడు పచ్చాకులు జేబులో వేసుకుని అందరినీ దీవిస్తాడు.

ఆసామి గొప్పగా కనిపించే ఘట్టం ఒకటుంది, దాన్ని చెప్పకపోతే అన్యాయం. ఆదివారం పూట కాలనీ పిల్లలను కూర్చోబెట్టి ఆకు నూరి, ఎసిటోనులో నానబెట్టి, వడపోత కాగితం ముక్క అందులో నిలబెడతాడు. కాగితం మీద పసుపు గీత పైకి పాకుతుంది, ఆకుపచ్చ గీతలు కింద ఆగుతాయి. అన్నీ ఒకే పచ్చటి ఆకులోవే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మిఖాయిల్ త్స్వెట్ అనే రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు సుద్దపొడి నింపిన గాజు గొట్టంలో ఆకుల రంగులను ఇలాగే విడదీసి క్రొమటోగ్రఫీకి పునాది వేశాడు. బొల్లారం ల్యాబుల్లో రోజూ మందుబిళ్లల సరుకును పరీక్షించే యంత్రాలు ఆ గొట్టానికి వారసులే. ఇది చెప్పేటప్పుడు ఆసామి గొంతులో అమెరికా వినిపించదు.

ఈ నేల ఆకులు నిజంగా రంగు మార్చే కాలం ఆయనకు ప్రతి ఏడూ తప్పిపోతుంది. మాఘం దాటాక మోదుగు ఆకు దులిపి నిప్పురంగు పూలు పూస్తుంది. రావి, వేప, ఇప్ప, మామిడి రాగిరంగు చిగుళ్లతో నిలబడతాయి. లేతాకు ఎరుపులో తరచుగా ఉండేదీ ఆ ఆంథోసయనినే. వెర్మాంట్‌లో ఆకు పోతూ ఎర్రబడితే ఇక్కడ వస్తూ ఎర్రబడుతుంది. అయితే అది మార్చి. కంపెనీలో సంవత్సరాంతపు లెక్కలు, స్టాకు, ఆడిట్. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చిన ఆసామి కిటికీ సన్‌షేడు మీద మొలిచిన రావి మొక్క చూస్తాడు. గులాబీరంగు చిగురాకులు వణుకుతుంటాయి. గోడ పగులుతుందని పీకించేస్తాడు.

అక్టోబరులో కూతురు వీడియో కాల్ చేస్తుంది. బొల్లారం నుంచి దాచి తీసుకుపోయిన గింజల కరివేపాకు మొక్క అక్కడ ఇంట్లోకి తెచ్చి పెట్టినా పసుపెక్కుతోందట. ఆసామి కళ్లజోడు సర్దుకుని ఒక్క నిమిషంలో తేల్చేస్తాడు: ఈనెలు పచ్చగా ఉన్నాయి కాబట్టి ఇనుము లోపం, నీళ్లు తగ్గించు, దక్షిణం కిటికీ దగ్గర పెట్టు, ఐరన్ చిలేటు కలిపి పోయి. పక్కగదిలోంచి విన్న ఇల్లాలు మర్నాడే ఆ పొట్లం తెప్పించి, చెప్పిన కొలతకే కలిపి, తమ మందారానికి పోస్తుంది. మూడు వారాలకు కొత్త ఆకులన్నీ నిగనిగలాడే పచ్చగా వస్తాయి. ఆసామి రిజిస్టరు తీసి ఆ తేదీ ఎదుట ‘బ్యాచ్ ఫెయిల్’ అని రాసి సంతకం పెడతాడు.