బుస్సుమంటే చాలు, శుభ్రమే!

వాషింగ్ మెషీన్ మురికికి ఇప్పుడు ఇంటింటా ఒకటే మంత్రం. డ్రమ్ములో వంటసోడా చల్లండి, మీద కప్పు వెనిగర్ పోయండి, బుస్సున పొంగగానే వీడియో తీయండి. మొదటి రెండూ మరిచిపోయినా ఫరవాలేదు. ఫలితం దక్కేది మూడోదాంట్లోనే.

ఈ సంబరానికి అడ్డల్లా హైస్కూలు సైన్సు పుస్తకం. వెనిగర్ ఆమ్లం, వంటసోడా క్షారం. రెండూ కలిస్తే ఒకదాని పస ఇంకొకటి తీసేసి, చివరికి సోడియం అసిటేట్, నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ మిగులుతాయి. మనం మురిసిపోయే ఆ పొంగు గోలీసోడాలో ఉండే గ్యాసే. గోలీసోడా తాగితే కనీసం త్రేన్పయినా వస్తుంది. మెషీన్‌కి అదీ లేదు.

లోపల పేరుకున్నది రెండు రకాలు. ఒకటి, ఉప్పునీళ్ల గార. తాగేనీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చనీ భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. అది చదివిన బోర్లు మన దగ్గర తక్కువ. గారను కరిగించేది ఆమ్లం. నిమ్మఉప్పు ఒక్కటే వేసి వేడినీళ్లతో తిప్పితే వదులుతుంది. పక్కన వంటసోడా కూడా వేశారో, ఆ ఆమ్లం గార దాకా వెళ్లకుండానే ఖర్చయిపోతుంది.

రెండోది జిడ్డు. కొలత లేకుండా గుమ్మరించిన సర్ఫు, కండిషనర్, ఎప్పుడూ చన్నీటి ఉతుకే కలిసి పెంచిన బూజు. దానికి మందు ఖాళీ డ్రమ్ములో 60 డిగ్రీలు దాటిన వేడినీళ్లు. చాలా మెషీన్లలో టబ్ క్లీన్ బటన్ అందుకే ఉంది. ఆ సంగతి చెప్పే పుస్తకం బీరువాలో, వారంటీ కార్డు పక్కన, కవరు విప్పకుండా భద్రంగా ఉంది.

ఇంకా ఘనులు వెనిగర్‌లో బ్లీచు కూడా కలుపుతారు. పుట్టేది క్లోరిన్. 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీద వదిలిన గ్యాసు అదే. మనవాళ్లు దాన్ని బాత్రూమ్ తలుపేసుకుని సొంత ఊపిరితిత్తుల మీద ప్రయోగిస్తున్నారు.

ఇంత యుద్ధం చేశాక, తడి ఆరకముందే డోరు బిగించి, మీద పూలపూల ప్లాస్టిక్ కవరు జిప్పుతో సహా తొడిగేస్తాం. లోపల ముక్కవాసన ఎందుకొస్తోందో అర్థంకాక మళ్లీ వంటసోడాకి పరుగెడతాం. డోరు తెరిచి ఉంచమన్నా, రబ్బరు మడతలు గుడ్డతో తుడవమన్నా చులకన. అందులో పొంగేదేమీ లేదుగా!

దసరాకి ఆయుధపూజ చేసి మెషీన్‌కి బొట్టు పెట్టే చేతులు, ఎదురుగా కింద మూలనున్న ఫిల్టరు మూత మాత్రం తిప్పవు. ఒక్కసారి తిప్పి చూడండి. పిన్నీసులు, గుండీల మధ్య దొరికే రూపాయి బిళ్లలు ఏరుకుంటే నిమ్మఉప్పు ప్యాకెట్‌కి సరిపోవచ్చు.