నిద్రలో సంపాదన, నెలకు నలభై రూపాయలు

ఇంట్లో ఓ మూల అరచేతిలో పట్టే పెట్టె పెట్టండి, దానికి కరెంటూ నెట్టూ ఇవ్వండి, మీరు గురకపెట్టి నిద్రపోతున్నా అది సంపాదిస్తూనే ఉంటుంది. ఇదీ ఇప్పుడు మన ఐటీ కాలనీల్లో తిరుగుతున్న కొత్త మంత్రం. తొంభైల్లో టేకు మొక్కలు అమ్మినవాళ్లూ ఇలాగే చెప్పారు. తరవాత ఈము పక్షులు అంటగట్టినవాళ్లూ ఇలాగే చెప్పారు. ఈముకి కనీసం గుడ్డు ఉండేది, అట్టేసుకుని తినొచ్చు.

ఈ పెట్టె పేరు లైట్నింగ్ నోడ్. బిట్‌కాయిన్ అసలు చిట్టాలో ప్రతి చెల్లింపునూ రాయాలంటే ఆలస్యం, పైగా ఖర్చు. అందుకని జోసెఫ్ పూన్, థాడియస్ డ్రైజా అనే ఇద్దరు 2016 జనవరిలో ఓ ఉపాయం రాసి పెట్టారు. 2018 నుంచి అది జనం వాడకంలో ఉంది. కిరాణా కొట్లో ఖాతా లాంటిదే. కాకపోతే ఇక్కడ ఇద్దరూ కలిసి కొంత సొమ్ము ముందే తాళం వేసి పెడతారు. దాన్ని ఛానెల్ అంటారు. రోజువారీ ఇచ్చిపుచ్చుకోవడాలు తమలో తాము రాసుకుని, ఖాతా మూసేనాడు మిగిలిన లెక్క మాత్రం అసలు చిట్టాకి ఎక్కిస్తారు. ముక్కూ మొహం తెలియని మూడోవాడు మీ ఛానెళ్ల మీదుగా ఇంకొకరికి డబ్బు పంపితే, దారి ఇచ్చినందుకు మీకు ఫీజు. ఆ ఫీజే మన నిద్రలో సంపాదన.

ఉపాయం మంచిదే, దానితో నాకు పేచీ లేదు. పేచీ ఆ సంపాదనతోనే. ఈ వ్యవస్థ గురించి వాడేవాడికి చెప్పే మొదటి గొప్ప ఏమిటి? ఫీజు దాదాపు సున్నా అని. నోడ్ పెట్టేవాడికి చెప్పే మొదటి గొప్ప ఏమిటి? ఫీజుల మీద ఆదాయం అని. రెండు మాటలూ ఒకే నోటి నుంచి, ఒక్కోసారి ఒకే వీడియోలో వస్తాయి. కొనేవాడికి కారుచౌక, అమ్మేవాడికి కాసుల వర్షం. ఆ కాసులు ఏ మేఘంలోంచి పడతాయో మాత్రం ఎవరూ చెప్పరు.

సరే, లెక్క వేద్దాం. బిట్‌కాయిన్ 80 లక్షల రూపాయలనుకోండి. నిన్నటి ధర, రేపటి ధర నాకు అక్కర్లేదు, గుణకారం సులువుగా ఉంటే చాలు. ఒక బిట్‌కాయిన్‌కి పది కోట్ల సతోషీలు, అంటే సతోషీ ఎనిమిది పైసలు. మీరు 4 లక్షల రూపాయలు, అంటే 50 లక్షల సతోషీలు ఛానెళ్లలో పెట్టారు. పది లక్షల సతోషీలు దాటించినందుకు వంద సతోషీలు ఫీజు పెట్టారనుకుందాం. మరీ ఎక్కువ పెడితే చెల్లింపులు మిమ్మల్ని తప్పించుకుని చౌక దారి చూసుకుంటాయి. మీ పెట్టుబడి అంతా నెలకోసారి పూర్తిగా చేతులు మారిందనుకుందాం. ఇంట్లో పెట్టిన కొత్త నోడ్‌కి అదే గొప్ప అదృష్టం. వచ్చేది 500 సతోషీలు. అక్షరాలా నలభై రూపాయలు.

పెట్టె, దాని డిస్కు కలిపి పది వాట్లు తాగుతుందనుకుంటే నెలకు 7.2 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయల చొప్పున 43 రూపాయలు. అదే 4 లక్షలు ఆరు శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే నెలకు రెండు వేలు వస్తాయి, మనం నిజంగానే నిద్రపోవచ్చు.

ఈ లెక్క మా బావమరిదికి చూపించాను. కాసేపు స్క్రీన్ వంక చూసి, ‘‘బావా, దీన్ని ఆదాయంగా చూడకూడదు, ఇది ఆర్థిక సార్వభౌమత్వం’’ అన్నాడు. పోయిన నెల వాళ్లక్కకి ఇది ‘‘రెండో జీతం’’ అని చెప్పినవాడూ వీడే.

‘‘మరి బిట్‌కాయిన్ ధర పెరుగుతుందిగా?’’ అనేది తరవాతి అస్త్రం. పెరగొచ్చు, తగ్గొచ్చు. పెరిగితే ఊరికే దాచుకున్నవాడికీ అంతే పెరుగుతుంది, వాడికి కరెంటు బిల్లు కూడా ఉండదు. ధర పెరిగిన ఘనతను నోడ్ ఖాతాలో రాయడం ఏ లెక్క?

ఇంతవరకు కరెంటు తప్ప వేరే ఖర్చుల జోలికి పోలేదు. పెట్టెకీ, ఆరు వందల జీబీ దాటిన చిట్టా మొత్తం పట్టే డిస్కుకీ అయ్యే వేలు వదిలేయండి. ఛానెల్ తెరిస్తే అసలు చిట్టాలో ఓ పద్దు, మూస్తే ఇంకో పద్దు, దేని ఫీజు దానిదే. ఆ ఫీజు ఏ రోజు ఎంతుంటుందో మీ చేతిలో లేదు. 2024 ఏప్రిల్ 20న, అసలు చిట్టాలో పద్దులు ఎక్కించే మైనర్ల బహుమతి సగానికి తగ్గిన రోజున, సగటు ఫీజు వంద డాలర్లు దాటింది. ఆ రోజు ఒక్క ఛానెల్ మూయాల్సి వచ్చినవాడు నెలకు నలభై చొప్పున ఎన్నేళ్లు సంపాదిస్తే ఆ ఖర్చు పూడుతుందో మీరే వేసుకోండి. నాకైతే కాలిక్యులేటర్ మీద జాలేసింది.

ఇక డబ్బు ఒకే వైపు పారి ఛానెల్ ఒక కొస ఎండిపోతే దారి మూసుకుపోయినట్టే. మళ్లీ సర్దడాన్ని రీబ్యాలెన్సింగ్ అంటారు. మన డబ్బునే పక్కవాళ్ల ఛానెళ్ల మీదుగా చుట్టూ తిప్పి మన దగ్గరికే తెచ్చుకోవాలి, దారిలో అందరికీ మనమే ఫీజు కట్టాలి. నోడ్ పెట్టినవాళ్లు మురిసిపోతూ చూపించే స్క్రీన్‌షాట్‌లో వచ్చిన ఫీజే కనిపిస్తుంది. ఇలా కట్టిన ఫీజు పక్క ట్యాబ్‌లో ఉంటుంది. ఆ ట్యాబ్ స్క్రీన్‌షాట్ నేనింకా చూడలేదు.

అన్నిటికన్నా అందమైనది బ్యాకప్ కథ. ప్రపంచంలో ఎక్కడైనా పాత కాపీ దాచుకున్నవాణ్ణి జాగ్రత్తపరుడంటారు. ఇక్కడ డిస్కు పాడై, కిందటి వారం దాచిన డేటాబేస్ కాపీని యథాతథంగా ఎక్కించి ఛానెల్ మూశారనుకోండి, మీరు పాత లెక్క చూపించి మోసం చేయబోతున్నారని అవతలి నోడ్ అనుకుంటుంది. శిక్ష ఏమిటంటే, ఆ ఛానెల్లో ఉన్న మీ సొమ్ము మొత్తం అవతలివాడికి పోతుంది. మోసగాళ్ల కోసం పెట్టిన నిబంధనే, సబబైనదే. కానీ అమాయకుణ్ణీ మోసగాణ్ణీ వేరు చేసే కన్ను యంత్రానికి లేదు. అందుకోసం వేరే రకం బ్యాకప్ ఉంది, మీరు లేనప్పుడు కాపలా కాసే వాచ్‌టవర్లూ ఉన్నాయి. అవన్నీ నేర్చుకుని, అమర్చుకుని, అప్‌డేట్ చేసుకుంటూ ఉండాలి. అవతలివాడు చెప్పాపెట్టకుండా మాయమైతే ఛానెల్‌ని బలవంతంగా మూయాలి, అప్పుడు మన డబ్బు మన చేతికి రావడానికి ఒక రోజు నుంచి రెండు వారాల దాకా పట్టొచ్చు. పైగా ఆ నాలుగు లక్షల తాళంచెవి నిత్యం ఇంటర్నెట్‌కి తగిలించి, రౌటర్ పక్కన, పిల్లలు చార్జర్లు పీకే చోట ఉంటుంది. దీన్ని నిద్రలో సంపాదన అన్నారు. ఇందులో నిద్ర ఎక్కడుందో వెతుకుతున్నాను.

మన దేశంలో ఇంకో తమాషా ఉంది. ఈ నోడ్ ఘనతకి ఉదాహరణగా ఎప్పుడూ టీ కొట్టే చెబుతారు, చిన్న చెల్లింపు చిటికెలో అయిపోతుందని. మన టీ కొట్టు గోడకి యూపీఐ క్యూఆర్ ఎప్పుడో అతుక్కుంది, 2020 జనవరి నుంచి దాని మీద వ్యాపారి కట్టాల్సిన ఫీజు (ఎండీఆర్) సున్నా. పది రూపాయలు పడగానే డబ్బా అరిచి మరీ చెబుతుంది. బిట్‌కాయిన్‌ని 2021 సెప్టెంబరులో అధికారిక నగదు చేసిన ఎల్ సాల్వడార్ కూడా 2025 జనవరిలో చట్టం మార్చి, దుకాణాలు దాన్ని తప్పనిసరిగా తీసుకోనక్కర్లేదంది. కాబట్టి మన వీధిలో టీ తాగేవాళ్ల ఫీజులు మన పెట్టెలో పడతాయన్న ఆశ వద్దు.

పన్నూ ఉంది. క్రిప్టో అమ్మిన లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను, పైన సెస్సు. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తగ్గించరు. కరెంటు బిల్లు, డిస్కు రసీదు చూపిస్తే ఆడిటర్ నవ్వి టీ ఇస్తాడు. నష్టం వస్తే వేరే లాభంలో సర్దుకోవడం కూడా కుదరదు.

ఎవరినీ అడగకుండా తన చెల్లింపును తానే సరిచూసుకోవాలనుకునేవాడు, నెట్‌వర్క్ లోపల ఏం జరుగుతుందో నేర్చుకోవాలనుకునే కుర్రాడు నోడ్ పెట్టుకుంటే నాకు గౌరవమే. సెలవు రోజు చేపలు పట్టేవాణ్ణి కిలో ఎంత పడిందని ఎవరూ అడగరు. వాళ్లు ఇంట్లోవాళ్లకి ఇది సరదా అని చెప్పి ఖర్చు పెడుతున్నారు. సరదాకి ఆదాయమని పేరు పెట్టి అత్తగారి పెన్షన్ డబ్బు అడగడమే నేను తప్పంటున్నది.

అందుకే ఎవరైనా ఫోన్ చాపి ‘‘చూడండి, ఈ నెల నా నోడ్ సంపాదన’’ అంటే మర్యాదగా మూడే అడగండి: ఛానెళ్లు తెరిచి మూయడానికి ఎంతయింది, రీబ్యాలెన్సింగ్‌కి ఎంత కట్టారు, లోపల ఎంత సొమ్ము ఇరుక్కుని ఉంది? జవాబు వచ్చేదాకా మీ డబ్బు మీ బ్యాంకులోనే ఉంచండి.